రెండు పేజీల్లో ఉన్న పేరు

కుచింగ్
2 మార్చి 2024

అన్నయ్య లియూ ఖిమ్ సెన్‌కి,

ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరు క్షేమమేనా అని అడగబోవడం లేదు, అడిగితే అడిగినందుకు కూడా ఏదో ఒకటి అంటావు. ఫోన్‌లో నీ నంబరు రాకుండా ఆపేశాను కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. కాగితంలో ఒక సుఖం ఉంది, నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు.

మన చైనీస్ కొత్త సంవత్సరం రెండో రోజు పెళ్ళయిన ఆడపిల్లలు పుట్టింటికి వచ్చే రోజు. సముద్రం దాటి విమానంలో వచ్చిన చెల్లెలి గురించి, పన్నెండు మంది తింటున్న బల్ల దగ్గర నువ్వన్న మాట ఇదీ: "అమ్మ కట్టే పొట్లాలకైతే ముందుంటుంది. బెడ్‌పాన్ ఎత్తాల్సొస్తే మటుకు కుచింగ్‌లో ఉంటుంది." అమ్మ పోయే ముందు ఆగస్టులో ఇరవై మూడు రోజులు ఆస్పత్రి కుర్చీలో పడుకున్నది నీ పక్కింటావిడ కాబోలు. ఆ మాట నాకు ఇంకా మండుతూనే ఉంది.

అది అలా ఉంచు. మూడో రోజు పొద్దున విమానాశ్రయంలో కూర్చుని అమ్మ ఫోల్డర్ తెరవబోతే "మీకు అనుమతి లేదు" అని వచ్చింది. పండగ ముందురోజు దాకా తెరుచుకున్నదే. నువ్వు రిటైరయ్యాక కొనుక్కొచ్చి, అమ్మ కుట్టుమిషను మీద పెట్టిన ఆ డిస్కుల పెట్టె గురించి ఎన్ని గొప్పలు పోయావు. కుటుంబం ఫోటోలన్నీ ఇందులోనే, తలా ఒక పేరు, తలా ఒక పాస్‌వర్డు, ఎక్కడున్నా ఎవరింట్లో వాళ్ళు చూసుకోవచ్చు అన్నావు. బల్ల దగ్గర గొడవపడి, సాయంత్రానికల్లా నా ముఖాన తలుపు వేశావన్నమాట.

నాకు నీ ఫోటోలు అక్కర్లేదు. ఆస్పత్రిలో అమ్మ నా కూతురు సు ఎన్ కోసం నా ఫోన్‌లో మాట్లాడిన రికార్డు ఒకటి అందులో ఉంది. "దాని పెళ్ళి రోజు, పెద్దలకి టీ ఇచ్చే ముందు వినిపించండి. అప్పటిదాకా ఎవరూ వినకండి" అని అమ్మ మనిద్దరి చేతా ఒట్టు పెట్టించుకుంది. ఆ ఫోన్ పడవ దిగుతుంటే సరవాక్ నదిలో పడిపోయిందని నీకు తెలుసు. లోకం మొత్తం మీద ఆ గొంతు ఇప్పుడు నీ పెట్టెలో ఒక్క చోటే ఉంది.

పెళ్ళి మే 19న, ఆదివారం. మేనమామవి కాబట్టి మొదటి కుర్చీ నీది, మొదటి కప్పు నీది. ఆ మర్యాద నేను తప్పను. నువ్వు ఫోల్డర్ తెరువు.

న్యెత్ ఫా

*

ఇపో
11 మార్చి 2024

న్యెత్ ఫాకి,

ఉత్తరం అందింది. కవరు మీద నా ఇంటి నంబరు తప్పు రాశావు. పుట్టి పెరిగిన ఇంటి నంబరు.

ఫోల్డర్‌కి తాళం ఏమీ లేదు. నీ ఉత్తరం చదివిన వెంటనే పెట్టె తెరిచి చూశాను. "ఇంటివాళ్ళు" అన్న జాబితాలో నీ పేరు నాలుగోది. ఆ జాబితాలో ఉన్నవాళ్ళు అమ్మ ఫోల్డర్‌లో చూడొచ్చు, కొత్తవి పెట్టొచ్చు. రెండు గళ్ళలోనూ టిక్కులున్నాయి. ముప్పై ఒక్క సంవత్సరాలు నీటి సరఫరా ఆఫీసు రికార్డు గదిలో పనిచేసినవాణ్ణి. ఏ కాగితం ఎవరు చూడొచ్చో, ఎవరు ముట్టుకోకూడదో నాకు నువ్వు నేర్పనక్కర్లేదు.

నీ పాస్‌వర్డులో మొదటి అక్షరం పెద్దది. చివర అమ్మ పుట్టిన సంవత్సరం. అది కూడా గుర్తులేకపోతే చెప్పు, రాసి పంపిస్తాను. తొందరపడకుండా, కళ్ళద్దాలు పెట్టుకుని టైపు చెయ్యి. చిన్నప్పుడు లెక్క తప్పితే పలక తప్పు అనేదానివి. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ గుణం పోలేదు.

పన్నెండు మందిలో అన్న మాట నిజమే. కానీ నువ్వు వెంటనే లేచి చాప్‌స్టిక్స్ విసిరేసి, మీ వదిన వండిన చేప ముట్టుకోకుండా వెళ్ళిపోయావు. అది పొద్దున్నే లేచి వండింది. దాని సంగతి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

నేను తలుపులు వేసే మనిషినని అంత నమ్మకం ఉంటే, నీ దగ్గరున్న ఈ ఇంటి తాళం చెవి నీకెందుకు? ఆలోచించుకో.

ఖిమ్ సెన్

*

కుచింగ్
20 మార్చి 2024

అన్నయ్యకి,

ఆలోచించుకున్నాను. తాళం చెవి ఇందులో పెట్టాను. అమ్మ కట్టిన ఎర్రదారం కూడా దానికే ఉంది, విప్పలేదు. తీసుకో.

నువ్వు చెప్పినట్టే కళ్ళద్దాలు పెట్టుకున్నాను. పెద్దక్షరం పెట్టాను. అమ్మ పుట్టిన సంవత్సరం నువ్వు చెబితే గానీ తెలియనంత పరాయిదాన్నేం కాదు. పెట్టె నన్ను గుర్తుపట్టి, పేరు పెట్టి పలకరించి మరీ లోపలికి రానిచ్చింది. నీ మనవడి ఈత పోటీల ఫోటోలు తెరుచుకున్నాయి, నూట నలభై ఉన్నాయి. మీరు హాట్ యాయ్ వెళ్ళినప్పటివి తెరుచుకున్నాయి. అమ్మ ఫోల్డర్ మీద నొక్కితే అదే ముక్క, మీకు అనుమతి లేదు. ఏడు సార్లు నొక్కాను. ఇల్లంతా తిరగనిచ్చి అమ్మ గది ఒక్కదానికి తాళం పెట్టడం పాస్‌వర్డు పొరపాటా? ఇది పనిగట్టుకుని చేసిన పని.

మా ఆయన పక్కనే ఉండి చూశాడు. "మీ అన్నయ్య పొరపాటు చేసుంటాడులే, పోనీ" అన్నాడు. ఆయనకి మీ రికార్డు గది గొప్పతనం తెలియదు పాపం.

నీతో వాదించే ఓపిక నాకు లేదు. ఆ ఒక్క రికార్డు పెన్‌డ్రైవ్‌లో వేసి పోస్టు చెయ్యి. అయిదు నిమిషాల పని. అదీ చేయకపోతే, అమ్మ గొంతుని నా మీద కక్ష తీర్చుకోవడానికి దాచుకున్నావని అనుకుంటాను. అనుకోవడం కాదు, అందరికీ చెబుతాను.

న్యెత్ ఫా

*

ఇపో
1 ఏప్రిల్ 2024

న్యెత్ ఫాకి,

తాళం చెవి అందింది. కుట్టుమిషను సొరుగులో పడేశాను.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. "కక్ష" దగ్గర అది కూడా తల ఎత్తి చూసింది. అమ్మని తొమ్మిదేళ్ళు మేమే చూసుకున్నాం. ఆవిడ రికార్డుని నీ మీద విసరడానికి రాయిలా దాచుకున్నానంటావు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని రాయి. రాసిన రోజే పెన్‌డ్రైవ్ పోస్టు చేస్తాను. రాయకపోతే చెయ్యను. తెరిచే ఉన్న తలుపు బయట నిలబడి నన్ను తిట్టేదానికి ఇంట్లోంచి సామాను మోసుకొచ్చి ఇచ్చే ఖర్మ నాకేం పట్టలేదు.

ఇంకో సంగతి కూడా తెలుసుకో. అందరికీ అన్నీ చూపించేంత వెర్రివాణ్ణి కాదు. రెండో రోజు సాయంత్రం నువ్వు హోటల్‌కి వెళ్ళిపోయాక, మన పిన్ని కోడలు అమ్మ ఆస్పత్రి ఫోటో, ముక్కులో గొట్టంతో ఉన్నది, మన పెట్టెలోంచి తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. కింద నలభై మంది దండాలు. నాకు ఒళ్ళు మండి, ఆ పూటే "ఇంటివాళ్ళు", "బయటివాళ్ళు" అని రెండు జాబితాలు చేసి, అమ్మ ఫోల్డర్‌కి బయటివాళ్ళు రాకుండా కట్టేశాను. నా సొంత తెలివి కూడా వాడలేదు. పండక్కి ఎవరెవరికి పంపాలో అమ్మ రాసుకున్న పొట్లాల నోట్‌బుక్ ముందు పెట్టుకుని, అందులో ఏ పేరు ఏ పేజీలో ఉందో చూసి ఆ పేజీ ప్రకారం ఎక్కించాను. అమ్మ పెట్టిన వరసే అది. నువ్వు ఇంటివాళ్ళ పేజీలోనే ఉన్నావు, నీ పేరు నా చేత్తో ఎక్కించాను. ఇంతకంటే ఏం చెయ్యాలి?

ఆ నోట్‌బుక్ చూస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ప్రతి ఏడూ చాంద్రమానం అయిదో నెల పండక్కి అమ్మ వెదురాకు పొట్లాలు కడితే అందరికీ ఒక గుత్తి, నీకు రెండు. నేను పక్కనే ఉండి ఆకులు కడిగి, బియ్యం నానబోసి, నాకు ఒకటి. ముప్పై ఏళ్ళుగా అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు, చెబుతున్నాను.

నాలుగో తేదీన అమ్మ సమాధి దగ్గరికి వెళ్తున్నాం. నువ్వు వస్తావని ఎవరూ అనుకోవడం లేదు.

ఖిమ్ సెన్

*

కుచింగ్
12 ఏప్రిల్ 2024

ఖిమ్ సెన్‌గారికి,

మీరు ఏడాది పొడుగునా అమ్మ చేతి అన్నం తిన్నారు. నేను ఏడాదికి రెండు గుత్తులు తిన్నాను. వాటిని కూడా ముప్పై ఏళ్ళు కడుపులో పెట్టుకున్నారంటే మీ కడుపు గొప్పదే.

మాట వెనక్కి తీసుకోను. పిన్ని కోడల్ని అడ్డం పెట్టుకుని కథలు చెప్పొద్దు. ఆవిడకి తాళం వేస్తే నాకెందుకు పడుతుంది? నిన్న కూడా ప్రయత్నించాను. ఇదే ఆఖరు. ఇక ఆ పెట్టెని నేను ముట్టుకోను. దాంట్లో మీ మనవడి ఈత ఫోటోలు ఇంకో వెయ్యి పెట్టుకోండి.

సు ఎన్‌కి చెప్పేశాను, అమ్మమ్మ మాట వినిపించడం కుదరదని. అది కాసేపటికి వచ్చి, "మామయ్య కుర్చీ ఎక్కడ వెయ్యాలమ్మా?" అని అడిగింది. వెయ్యక్కర్లేదని చెప్పాను. టీ మొదటి కప్పు పెళ్ళికొడుకు మేనమామకి ఇస్తాం, మాకు ఆయన చాలు. మీరు రావద్దు. విమానం టిక్కెట్టు కొనుంటే అది మీ ఇష్టం.

మా ఆయనకీ పిల్లకీ ఫోన్లు చేసి జాలి కథలు చెప్పొద్దు. ఇది మీకూ నాకూ మధ్య గొడవ. వాళ్ళని లాగితే ఈ జన్మకి మీ ముఖం చూడను. మీ ఉత్తరాలు కూడా ఇక చదవను.

లింగ్‌వారి కోడలు
న్యెత్ ఫా

*

ఇపో
4 మే 2024

చెల్లీ,

ఇది చదువుతావో లేదో తెలియదు. పెన్‌డ్రైవ్ ఇందులోనే ఉంది. ముందు అది తీసి జాగ్రత్త చేసుకుని తర్వాత నన్ను తిట్టు.

నువ్వు రాసిన ఆ "గారు" మూడు వారాలు నన్ను తిననివ్వలేదు. నేనూ ఒంటికాలి మీద లేచి రెండు ఉత్తరాలు రాసి చించేశాను. నిన్న మీ వదిన తువ్వాలు మడతపెడుతూ అంది: "మీ ఇద్దరి పంతాలూ వచ్చే ఏడు కూడా ఉంటాయి. ఆ పిల్ల పెళ్ళి మళ్ళీ వస్తుందా ఏంటి? ఆవిడ మాట వెనక్కి తీసుకోకపోతే మీ ఆస్తేం పోయింది? వేసి పంపెయ్యండి." లేచి వెళ్ళి పెట్టె ముందు కూర్చున్నాను.

రికార్డు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ, నీ మాట అబద్ధమని నాకు నేను నిరూపించుకుందామని నీ పేరుతో, నీ పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాను. అమ్మ ఫోల్డర్ నొక్కాను. మీకు అనుమతి లేదు అంది.

నేను కొని అమర్చిన పెట్టె, నా ఇంట్లో, నా ముఖం మీద అలా అంటే ఎలా ఉంటుందో చెప్పలేను. నువ్వు దాన్ని ఏడు సార్లు నొక్కానని రాశావు.

మళ్ళీ అమ్మ నోట్‌బుక్ తీసి, నువ్వు ఉన్న ఇంటివాళ్ళ పేజీతో ఆపకుండా రెండోది కూడా చూశాను. ఇంటివాళ్ళ పేజీలో నీ పేరు ఉంది, పెళ్ళి కాకముందు రాసింది, సిరా వెలిసిపోయింది. అమ్మ కొట్టెయ్యలేదు. బయటివాళ్ళ పేజీలో "కుచింగ్, లింగ్ హీ తియోంగ్, న్యెత్ ఫా" అని మళ్ళీ ఉంది. పెళ్ళయ్యాక బావగారితో కలిపి రాసింది. రెండు పేజీల్లోనూ పేరుంది కాబట్టే నీకు రెండు గుత్తులు వచ్చేవి. ఇంటి పిల్లగా ఒకటి, లింగ్‌వారి కోడలిగా ఒకటి. అమ్మకి అందులో తప్పేమీ కనిపించలేదు. లేదా కావాలనే అలా ఉంచేసింది.

నేను ఆ రెండు పేజీలూ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. అమ్మ లెక్కలో రెండు చోట్ల పేరుంటే రెండింతలు. పెట్టె లెక్క వేరు. ఒక జాబితా రావచ్చు అని, ఇంకో జాబితా రాకూడదు అంటే, రాకూడదన్న మాటే నెగ్గుతుంది. మొదటి జాబితాలో నీ టిక్కులు చూసి నేను రెండు నెలలు నిన్ను గుడ్డిదానివని, మొండిదానివని అన్నాను. రెండోది తెరిచి చూడలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. నీ పేరు బయటివాళ్ళ కింద టైపు చేస్తున్నప్పుడు నా చెయ్యి ఆగలేదు. పెళ్ళయిన ఆడపిల్ల పేరు అక్కడుండడం నాకు మామూలుగానే అనిపించింది. యంత్రం తప్పు చెయ్యలేదు, నేను చెప్పిందే చేసింది. నువ్వు అన్న మాట వెనక్కి తీసుకోవద్దు. కక్షతో కాదు గానీ తాళం వేసింది నేనే.

పెట్టెలో బయటివాళ్ళ జాబితాలోంచి నీ పేరు తీసేశాను. ఇప్పుడు తెరుచుకుంటుంది. రికార్డు నేను వినలేదు. ఒట్టు ఒట్టే. బావగారికి ఫోన్ చేద్దామని నంబరు దాకా వెళ్ళి ఆగాను, వాళ్ళని లాగొద్దన్నావు. ఈ ఒక్క మాటన్నా విన్నానని లెక్కలో వేసుకో.

పెళ్ళికి రమ్మని అడగను. పిల్లకి వినిపించు.

అన్నయ్య

*

ఇపో
24 మే 2024

(కార్డు)

చెల్లీ, కవరు అయితే తెరవవేమోనని కార్డు మీద రాస్తున్నాను. పోస్టుమాన్ కూడా చదువుకోనీ. పెన్‌డ్రైవ్ అందిందా? పిల్ల విందా? ఆదివారం పది గంటలకి, టీ ఇచ్చే వేళ అనుకుని, నేనూ మీ వదినా ఇక్కడ మంచి బట్టలు కట్టుకుని కూర్చున్నాం. విందా లేదా అన్న ఒక్క మాట రాయి. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు. ఖిమ్ సెన్.

*

కుచింగ్
31 మే 2024

అన్నయ్యా,

వినలేదు.

నీ కవరు మే 11న వచ్చింది. చేత్తో తడిమితే లోపల గట్టిగా ఏదో తగిలింది. నేను పంపిన తాళం చెవి నా ముఖాన తిప్పికొట్టావనుకున్నాను. వంటింట్లో రబ్బరు బ్యాండ్లు పడేసే సొరుగులోకి గిరాటేశాను. పెళ్ళి రోజు పొద్దున టీ కప్పులు తుడిచే గుడ్డ కోసం అదే సొరుగు లాగాను. కవరు చేతికి అడ్డొస్తే పక్కకి తోశాను. ముందు గదిలో అమ్మ ఫోటో పెట్టిన కుర్చీ, దాని ముందు సు ఎన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వంటింటికీ ఆ గదికీ మధ్య తలుపు కూడా లేదు. ఆ గొంతు కోసం రెండు నెలలు నీతో కుక్కలా పోట్లాడి, ఇంట్లో పెట్టుకుని తెరవలేదు.

నిన్న నీ కార్డు వచ్చింది. నిలబడే చదివాను, తర్వాత సొరుగు దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిన్ను తిట్టడానికి నోరెత్తితే మాటలన్నీ నా మీదికే వచ్చాయి. అలాగని నిన్ను వదిలేశానని అనుకోకు. "నా చెయ్యి ఆగలేదు" అని రాశావు చూడు, ఆ ముక్క నేను చచ్చేదాకా నీకు గుర్తు చేస్తూనే ఉంటాను.

సు ఎన్‌ని, అల్లుణ్ణి పిలిచి రికార్డు పెట్టాను. మూడు నిమిషాలు కూడా లేదు. అమ్మకి మధ్యలో దగ్గొచ్చింది, నర్సు ఏదో అడిగింది, అమ్మ "ఇప్పుడు కాదు తల్లీ, పనిలో ఉన్నా" అంది. తర్వాత ఇలా అంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"సు ఎన్, మొదటి కప్పు మీ మామయ్యకివ్వు. అందరికంటే ముందు పిలవకపోతే వాడు మూతి ముడుచుకుంటాడు, చిన్నప్పట్నుంచీ అంతే. వాడూ మీ అమ్మా అప్పటికి మాట్లాడుకోకుండా ఉంటారు, నాకు తెలుసు. ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టు. టీ తాగి కప్పు కింద పెట్టేదాకా ఎవర్నీ లేవనివ్వకు."

అంతే. దీవెనలు ఏమన్నా చెబుతుందేమో అనుకున్నాను. చివర్లో "ఆపెయ్, ఎలా ఆపాలో నాకు తెలీదు" అంది, అది నాతో అన్నది.

నేను ఏడ్చి, "ఇంకేం చేస్తాం, టీ ఇవ్వడం ఒక్కసారే కదే" అన్నాను. "ఒక్కసారే. అది ఇంకా అవలేదు" అంది నా కూతురు. పెళ్ళికి వాడిన కప్పులు కడిగి, పాత న్యూస్ పేపర్లలో చుట్టి, తన బ్యాగులో సర్దేసుకుంది. పెళ్ళినాటి ఎర్ర బట్టలు కూడా పెట్టుకుంది. దానికి నా పోలిక రాలేదు, అమ్మ పోలిక.

జూన్ 8న మధ్యాహ్నం విమానానికి వస్తున్నాం, నలుగురం. ముందు గదిలో కుర్చీలు రెండు వెయ్యి, పక్కపక్కనే. నాతో మాట్లాడాల్సిన పని లేదు, నేనూ మాట్లాడను. కప్పు తీసుకో, తాగు, కింద పెట్టు. వదిన చేప వండితే తింటానని చెప్పు. మొన్న తిననందుకు నేనే ఆవిడకి చెప్పుకుంటాను, నువ్వు మధ్యలో రాకు.

పదో తేదీ పండగ. పొట్లాలు నేను కడతాను, అమ్మ కట్టినంత గట్టిగా రావు. ఆకులు కడిగి బియ్యం నువ్వు నానబెట్టు. నీకూ ఈ ఏడు రెండు గుత్తులు కడతాను, ముప్పై ఏళ్ళ ఏడుపు ఆపు. పెట్టెలో నా పేరు ఎక్కడ ఉంచుతావో నీ ఇష్టం, నోట్‌బుక్‌లో మాత్రం రెండు పేజీల్లోనూ ఉండనివ్వు. దాన్ని ముట్టుకుంటే ఊరుకోను.

తాళం చెవి సొరుగులోనే ఉండనీ. మేం వచ్చేసరికి నువ్వే వచ్చి తలుపు తియ్యి.

న్యెత్ ఫా